దాది పీట

బరువుతొడుగులు మోచేతుల దాకా లాక్కుని స్వరూప ముక్కాలిపీట మీద కూర్చోగానే ఒడిలో పసిబిడ్డ బరువు పడింది. బిడ్డ లేదు, బరువు మాత్రమే. మరుక్షణం ఛాయాదీపాలు వెలిగి, ఆ బరువు మీద దొరవారి వారసుడి రూపం పరుచుకుంది. కందిన మొహం, బిగించిన పిడికిళ్లు, గుక్కపట్టిన ఏడుపు.

తాడుకు అవతల సందర్శకుల మాటలు సద్దుమణిగాయి.

"పాలియ్యవే, ఇంకెంతసేపు ఏడిపిస్తవు?" అంది పట్టెమంచం మీది దొరసాని ఛాయ, స్వరూప నుదుటికి కాస్త పైకి చూస్తూ. ఆ చూపును దొరల కాలంలో ఉండి పోయిన అసలు దాది ఎత్తుకు కుదిర్చారు. స్వరూప ఆమెకన్నా పొట్టి.

ఇప్పుడు ప్రదర్శనశాలగా మారిన కొండ్రపల్లి గడీలో గోడల సున్నం, గదుల చల్లదనం, ఛాయల మాట అన్నీ ఇంటిబుద్ధి అనే యంత్రమే చూసుకుంటుంది. ఒడిలోని ఛాయ ఎప్పుడు నిద్రపోవాలో కూడా అదే తేలుస్తుంది, దాది గుండె చప్పుడు విని. గుండె నిమ్మళిస్తే ఛాయ కళ్లు మూస్తుంది, దృశ్యం ముగుస్తుంది, పీట వెనక తలుపు తెరుచుకుంటుంది. అందుకే ఈ కొలువుకు పాలిచ్చే తల్లులనే తీసుకుంటారు. పసిపిల్ల ఏడిస్తే వాళ్ల ఒళ్లు నటించదు.

చెవిపూసలో లస్మవ్వ గొంతు వినిపించింది. కొలువుకొచ్చే తల్లుల పిల్లల్ని గేటు గదిలో ఆమే చూసుకుంటుంది.

"స్వరూపా, నీ బిడ్డ సీసా నోట్లె పెట్టనిస్తలేదే. పొద్దటి సంది గింతే. ఒళ్లు గూడ కాలుతున్నది."

"చెంచాతోని పట్టు అవ్వా," పెదవులు కదపకుండా అంది స్వరూప.

"పట్టిన. నా కొంగు తాగినంత గూడ నీ బిడ్డ తాగలే."

స్వరూప గుండె దడదడలాడింది. ఒడిలోని ఛాయ ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపుకు పాలు దిగి రవిక తడిసింది. చెవిలో ఇంటిబుద్ధి, ఎప్పటిలా తీయగా, "చాలా బాగుంది స్వరూప గారూ. దృశ్యం పొడిగిస్తున్నాం," అంది.

"ఆపండి. నా బిడ్డకు పానం బాగలేదు."

"శిశువు నిద్రపోగానే ఆగుతుంది. దయచేసి నిమ్మళించండి."

స్వరూప ఊపిరి మెల్లగా వదిలింది. ఛాయ వీపు మీద జోకొట్టింది. అరచేతికి వెచ్చగా తగిలింది. తొడుగు అంత తెలివైనది. ఆ వెచ్చదనం కూతురి జ్వరంలా తోచి గుండె మళ్లీ పరుగందుకుంది. ఈ గుండెతో ఆ ఛాయ నిద్రపోదు. అది నిద్రపోకుండా తనకు విడుదల లేదు.

"అవ్వా, దాని ఏడ్పు ఇనబడ్తలేదేంది?"

"ఏడ్వనీకె ఓపికుండాలె గద బిడ్డా."

మధ్యలో లేచిన దాదికి మర్నాడు కొలువుండదు. గడీ కాదంటే ఈ ఊళ్లో ఇంకో కొలువు లేదు.

తాడు అవతల ఒక పెద్దావిడ పక్కనున్నామెను అడుగుతోంది. "ఈమె పాలు ఈ పిలగానికిస్తే, ఈమె కన్నబిడ్డ యాడున్నట్టు?"

"గదంత చూపియ్యరు, పా."

స్వరూప తొడుగులు ఊడబీకింది. బరువు పోయింది. రూపం మాత్రం గాలిలో అలాగే నిలిచి ఏడుస్తోంది.

"దాది స్థానం ఖాళీ అవుతోంది. తలుపు తెరుచుకోదు," అంది ఇంటిబుద్ధి.

ఆమె తలుపు వైపు చూడనే లేదు. తాడు కింది నుంచి వంగి అటు దాటింది. సందర్శకులు పక్కకు జరిగి దారిచ్చారు. వాకిలి దాటి, గేటు గదిలోకి ఉరికి, లస్మవ్వ చేతుల్లోంచి కూతుర్ని లాక్కుంది. గడప మీదే కూలబడి రొమ్ముకు అందించింది. బిడ్డ మొహం పక్కకు తిప్పుకుంది. స్వరూప దాని బుగ్గ నిమిరింది, పాదం మీద చిటికేసింది. అప్పుడు పట్టింది, బలం లేని చిన్న గుటకతో. తర్వాత ఇంకో గుటక.

లోపలి ఏడుపు గడీ అంతా నిండి ఇక్కడికీ వినిపిస్తోంది.

"స్వరూప గారూ, శిశువు ఊరుకోవడం లేదు. ఏం చేయాలి?"

ఇంటిబుద్ధి ఇంతవరకు ఎవరినీ ఏదీ అడగలేదు.

"వాళ్లమ్మను ఎత్తుకొమ్మను."



"ఆవిడకు ఎత్తుకోవడం రాదు."

"నేర్పియ్యి," అంది స్వరూప, కూతుర్ని రెండో వైపుకు మార్చుకుంటూ.