వంద పొరల డిస్కు

"ఖాళీ డీవీడీలు ఉన్నయా?"

జనగామ స్టేషన్ రోడ్డులో తన ఫోటో స్టూడియోలో కూర్చుని పెళ్లి వీడియో ఎడిట్ చేస్తున్న హర్షిత్‌కు నవ్వాగలేదు. "మేడం, గవి అడిగేటోళ్లే లేరిప్పుడు. పెన్‌డ్రైవ్ కొనుక్కోరాదుండ్రి."

"పెన్‌డ్రైవ్ సంగతి నాకు తెల్వదనుకున్నవా? నవ్వుడు ఆపి ఉన్నయో లేవో చెప్పు."

అలా మొదలైంది, గొడవతోనే. ఆమె పేరు భావన, ఊరు గూడూరు. వరంగల్‌లో పరిశోధన చేస్తోంది, అదీ కొత్త రకం డిస్కుల మీద. పాత డిస్కు ఎందుకు చెడిపోతుందో తెలిస్తేనే కొత్తది గట్టిగా చేయగలమని ఆమె వాదన. వాళ్ల ల్యాబులో డిస్కు రాసే మిషను పాడైంది. హర్షిత్ తండ్రి లక్ష్మీకాంత్ వాడిన మిషను మాత్రం ఇంకా పనిచేస్తోంది. అటక నిండా ఆయన రాసిపెట్టిన పెళ్లి డిస్కులే. దాంతో శనివారం శనివారం ఆమె రైలు దిగడం, ఇతను పొద్దున్నుంచే దువ్వెన వెతుక్కోవడం మామూలైపోయింది.

"కొత్తది ఉల్లిగడ్డ లెక్క," అంది ఒకసారి. "పొర మీద పొర. వంద పొరల్ల రాయనీకి ల్యాబులల్ల చూస్తున్నరు. బజార్లకు రానీకి టైం పడ్తది గని, వచ్చిందంటే మీ అటుకంత ఒక్క డిస్కుల పడ్తది."

"గట్లయితే మా దుకాణం బందేనా?"

"పెండ్లిళ్లు ఆగుతయా? తీసెటోడు ఉండాలె గద."

తీసెటోడు అంటూ ఆమె చూసిన చూపుకి పాపం హర్షిత్, ఆ సాయంత్రం ఒకరి పెళ్లికొడుకుని ఇంకొకరి పెళ్లిలో అతికించేశాడు.

మనసులో మాట చెప్పేద్దామనుకుంటే నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. ఇంతలో ఆమెకు భూపాలపల్లి నుంచి సంబంధం వచ్చిందని, అబ్బాయిది సింగరేణి ఉద్యోగమని తెలిసింది. ఇంకా నాన్చితే మనిషే దక్కదు. వచ్చే శనివారం చెప్పి తీరాలనుకున్నాడు.

తీరా ఆ రోజు చాయ్ పట్టుకుని వచ్చేసరికి, భావన ఫోనులో స్నేహితురాలితో అంటోంది. "ఫైనల్ అయింది స్రవంతీ. ఇగ మార్చనీకి రాదు. ఏం ఫికర్ లేదు."

హర్షిత్ చాయ్ బల్ల మీద పెట్టి, షూటింగ్ ఉందని జారుకున్నాడు. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు.

మరుసటి శనివారం పెద్దవంగరలో పెళ్లి, బయట వాన. ఆ వానను పెళ్లి వీడియోలో పెడదామని హర్షిత్ స్టాండు మీది కెమెరాని టెంటు గుమ్మం వైపు తిప్పాడో లేదో, తడిసిన చున్నీతో భావన అందులో ప్రత్యక్షమైంది. స్టూడియోకి వెళితే లక్ష్మీకాంత్ ఇక్కడికి పంపాడట. హర్షిత్ కంగారుగా ఆమె దగ్గరికి పరుగెత్తాడు.

"ఫోన్ ఎత్తవేంది? నేనేం తప్పు చేసిన?"

"సంబంధం ఫైనల్ అయినంక నీతోని నాకేం మాటలు?"

"ఎవరు చెప్పిన్రు?"

"నువ్వే అంటివి గద! ఫైనల్ అయింది, ఇగ మార్చనీకి రాదని."

భావన కోపమంతా నవ్వయిపోయింది. "ఓ పిచ్చోడా! ఫైనల్ అయింది డిస్కు! రాసినంక ఫైనల్ కొట్టకుంటే వేరే మిషన్ల నడ్వదని నేర్పింది నువ్వే. భూపాలపల్లోళ్లకు ఎప్పుడో వద్దని చెప్పిన."

"ఎందుకు?"

"మా ల్యాబుల మిషను బాగై నెలాయె. మరి ఇంక జనగామకెందుకొస్తున్ననో నీకు సమజైతలేదా?"

హర్షిత్‌కు ఈసారి నాలుక అడ్డం పడలేదు. "నువ్వంటే నాకు పానం, భావనా. నన్ను చేసుకుంటవా?"

ఆమె ఏదో అంది. అంతలో టెంటులో ఈలలు లేచాయి. కెమెరా ఆగలేదు మరి. మండపం పక్కన దానికి కలిపిన పెద్ద తెర మీద జనమంతా వీళ్లనే చూస్తున్నారు.

"ఓ బిడ్డా!" ముందు వరసలోంచి పెళ్లికూతురి నాయనమ్మ చంద్రమ్మ కేకేసింది. "బొమ్మ కనవడ్తాంది గని మాట ఇనవడ్తలేదు. పిల్ల ఏమన్నది?"

హర్షిత్ సిగ్గుతో తల దించుకున్నాడు. భావనే గొంతెత్తి చెప్పింది. "సరే అన్ననవ్వా!"

డప్పులవాళ్లు ఎవరి సైగ కోసమూ ఆగలేదు. మండపం మీద మాత్రం పెళ్లికొడుకు తాళి చేత్తో పట్టుకుని, కెమెరా ఎప్పుడు తన వైపు తిరుగుతుందా అని చూస్తున్నాడు.