న్యెంబ్వెలో వేరుశనగలు

ఓవెండో రేవులో చేపల బుట్టల మధ్య ఇవాంగా కుప్పకూలేసరికి ఉదయం ఏడూ పది. తుపాకీ చప్పుడు ఎవరికీ వినపడలేదు. చేపలమ్మే ఆడవాళ్ళు ముందు తాగుబోతనుకుని తిట్టారు. చొక్కా మీద ఎరుపు చూశాక కేకలు పెట్టారు.

అతణ్ణి కలవడానికి వచ్చిన రెతేనో పరుగెత్తుకెళ్ళి తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఎవడు కాల్చాడన్నా?"

"ఇవాళ్టి రైలు..." అన్నాడు ఇవాంగా. ఇంకేదో చెప్పబోయాడు. అంతలో ప్రాణం పోయింది.

రెతేనో గాబన్ గూఢచారి శాఖలో పదకొండేళ్ళుగా ఏజెంటు. ఇవాంగా ఆ శాఖకి కబుర్లు మోసే మనిషి. ఇవాళ మోసుకొచ్చిన కబురు సగంలోనే తెగిపోయింది.

పావుగంటలో రెతేనో చీఫ్ కారులో ఉన్నాడు. మాదామ్ మబిక బ్రీఫింగ్ ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది.

"విదేశీ ట్రావెల్ కంపెనీల వాళ్ళు ముప్ఫై ఇద్దరు. తొమ్మిదింటి రైల్లో 'లోపే' అనే అడవికి వెళ్తున్నారు. నచ్చితే వచ్చే ఏడాది నించి యాత్రికుల్ని పంపుతారు."

"నచ్చకపోతే?"

"బతికుంటే కదయ్యా నచ్చడానికి."

దేశం బయటినుంచి నడిచే ఏనుగుదంతాల ముఠా అది. అడవిలోకి కెమెరాలతో జనం రావడం మొదలైతే వాళ్ళ వేటకు కాలం చెల్లినట్టే. అందుకే ఆ రైలు మీద కన్నేశారు.

"ఆపించండి మాదామ్."

"ఆపితే వచ్చే వారం ఇంకో రైలు చూసుకుంటారు. పైగా ముఠాలో మన మనిషి ఒకరున్నారు. రైలాగితే ఆ ప్రాణం పోతుంది. ఎవరని అడక్కు. బాంబేమోనని కుక్కలతో రైలు పెట్టెలన్నీ వెతికించా, ఏమీ దొరకలేదు. ముఠా తరఫున ఎక్కేవాడు ఎయెగె, కలప వ్యాపారి." ఆవిడ చేతిలో కాగితం మడిచింది. "గైడుగా వచ్చేది అందెమె."

రెతేనో కిటికీలోంచి బయటికి చూశాడు.

నొంబాకెలె పేటలో ఇద్దరూ రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. ఎనిమిది నెలల క్రితం అందెమె పెట్టె సర్దుకుంది. ఎందుకని అడిగితే "విసుగొచ్చింది" అంది. వారం తిరక్కుండా ఎయెగె తెల్ల కారులో కనిపించింది. అప్పట్నుంచి తెల్ల కారు ఏది ఎదురైనా రెతేనోకి కడుపులో నిప్పు రాజుకునేది. లిబ్రెవీల్‌లో తెల్ల కార్లు చాలానే ఉన్నాయి.

"చెయ్యగలవా, వేరేవాణ్ణి పంపనా?"

"చేస్తాను," అన్నాడు. దేశం కోసమో, ఎయెగె మెడ కోసమో అతనికే తెలియదు.

రైలు వంటపెట్టెలో అతని వేషం కూలివాడిది. నెరిసిన గడ్డం, నూనె మరకల ఏప్రాన్, జేబులో కెమెరా దాచిన లైటరు. ఆ పెట్టెకి రాణి, వంటావిడ మామా వోరా. ఆవిడకి ఏజెంట్లూ తెలీదు, మిషన్లూ తెలీదు.

"ఏంటయ్యా ఆ తొక్క తీయడం? అరటికాయకి గడ్డం గీస్తున్నావా?"

"కొత్త కదమ్మా."

"కొత్తోళ్ళంతా నాకే దొరుకుతారు. పో, అతిథులకి నీళ్ళిచ్చి రా."

ముందు పెట్టెలో అందెమె మైకు పట్టుకుని నిలబడి ఉంది. నీలం గౌను, ఎర్రటి తలపాగా. వెనక సీట్లో ఎయెగె ఒక చెయ్యి కోటు జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. సెంటు వాసన పెట్టంతా కమ్ముకుంది. రెతేనో గ్లాసు అందిస్తుంటే అందెమె చూపు అతని మీదుగా జారిపోయింది, కుర్చీనో గోడనో చూసినట్టు. ఎయెగె వైపు తిరిగి నవ్వింది.

గ్లాసు రెతేనో చేతిలోనే పగిలేది. కాస్తలో తప్పింది.

వంటపెట్టెలోకి తిరిగొచ్చినా ఆమె గొంతు వదల్లేదు. లౌడ్‌స్పీకరు సరిగ్గా అతని నెత్తి మీదే ఉంది.

"మ్బోలో, నమస్కారం! మా దేశానికి వచ్చేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా కార్డు మర్చిపోకండి. ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టుకన్నా ముందు అదే అడుగుతారు. నూటికి ఎనభై వంతులు అడవే. భాషలు నలభై పైచిలుకు, ఫ్రెంచి వస్తే గండం గడుస్తుంది. బజార్లో ఫోటో తీసేముందు అడగండి. అడక్కుండా తీస్తే మా అమ్మమ్మలు చేపతో కొడతారు!"

అతిథులు నవ్వారు. ఈ ఉపన్యాసం రెతేనోకి కంఠతా వచ్చు. రెండేళ్ళపాటు ఆమె వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ అతని మీదే సాధన చేసింది. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా తెలుసు.

"రావడానికి మంచి నెల అక్టోబరు. చినుకు పడదు."

రెతేనో చెయ్యి ఆగింది. అక్టోబరులో చినుకు పడదా? ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసే నెల అది. వాడు పక్కనుంటే వానాకాలం కూడా గుర్తులేదా? పళ్ళు కొరుక్కున్నాడు.

"మధ్యాహ్నం భోజనం న్యెంబ్వె కోడి. చక్కగా వేరుశనగలు నూరి వండుతారు."

"అయ్యో, నా తల్లే!" మామా వోరా గరిటె ఎత్తింది. "నూనెతాటి పండు గుజ్జు లేకుండా న్యెంబ్వె ఏంటే? దీనికి వంట నేర్పిందెవరు?"

రైలు వేగం తగ్గింది. న్జోలే స్టేషన్ వస్తోంది.

"ఇక్కణ్ణించి తొమ్మిది నిమిషాల్లో ఒకానో నది వంతెన. భూమధ్యరేఖని సరిగ్గా దాని మీదే దాటుతాం. అక్కడ ఏమవుతుందో చూడండి!"

రైలాగింది. కిటికీలోంచి చూస్తే ఎయెగె ప్లాట్‌ఫారం మీదికి దిగుతున్నాడు. అతని చెయ్యి అందెమె నడుం మీద ఉంది. ఆమె అతని భుజానికి తల ఆనించింది. ఇద్దరూ రైలు వదిలి వెళ్ళిపోతున్నారు.

రెతేనో కత్తి పట్టుకుని తలుపు దగ్గరికి దూకాడు. ఒక కాలు ప్లాట్‌ఫారం మీద పడింది. ఇరవై అడుగుల దూరంలో ఎయెగె మెడ. ఎనిమిది నెలలుగా కలలోకొస్తున్న మెడ. రైలు కూత వేసింది.

వాడి ఇంట్లో తిని తిని న్యెంబ్వెలో వేరుశనగ వేయడం కూడా నేర్చుకుందా, అనుకున్నాడు మండిపోతూ. ఒకసారి తనే తెలియక గుప్పెడు వేరుశనగలు వేస్తే కుండతో సహా వీధిలోకి విసిరేసిన మనిషి! పిల్లికైనా పెట్టనివ్వలేదు!

అప్పుడు తట్టింది. ఆ మనిషి ఆ మాట చచ్చినా అనదు. భూమధ్యరేఖ దాటేది వంతెన మీద కాదు, లోపే అడవి దగ్గరని నిద్రలో లేపినా చెప్తుంది. ఆ తప్పులు నోరుజారి వచ్చినవి కావు. ఎవరికో కబురు: వేరుశనగలు, వంతెన.

రైలు కదిలింది. రెతేనో ఆ మెడ వైపు ఒక్కసారి చూశాడు. కాలు వెనక్కి తీసుకుని రైల్లోకి ఎగిరాడు.

"అమ్మా! వేరుశనగ ఉందా ఇక్కడ?"

"ఉంది, నెత్తిన దరిద్రంలా. బయల్దేరేముందు ఆ సెంటు అయ్యగారు బస్తా పంపాడు. అతిథులకి కానుకట."

బస్తా నీళ్ళ పీపా వెనక ఉంది. కత్తితో కోస్తే వేరుశనగలు జలజలా నేలంతా పారాయి. అడుగున బూట్ల పెట్టెంత ఇనప డబ్బా, దాని మీద గడియారం. మూడు వైర్లు, మూడూ నల్లవే. శాఖ ఇచ్చిన బాంబు శిక్షణ రెండు రోజులది. రెండో రోజు అతనికి జ్వరం.

"రెండు నిమిషాలుంది," అన్నాడు.

మామా వోరా డబ్బా చూసింది, అతన్ని చూసింది. మారుమాట్లాడకుండా పీపాని తన్ని పక్క తలుపు లాగింది. చక్రాల మోత మారింది. రైలు వంతెనెక్కింది. బయట ఇనప దూలాలు ఒకదాని వెనకొకటి దూసుకుపోతున్నాయి. దూలానికి తగిలితే డబ్బా తిరిగి వాళ్ళ మీదికే వస్తుంది.

"లెక్క పెట్టమ్మా. దూలం దాటగానే చెప్పు!"

"దాటింది... దాటింది... ఇప్పుడు విసురు!"

డబ్బా రెండు దూలాల నడుమ నుంచి కిందికి పోయింది. నీళ్ళు తాకీ తాకకముందే ఒకానో నది తాటిచెట్టంత ఎత్తు లేచింది. అద్దాలు పగిలాయి. రైలు ఊగింది, మూలిగింది, వంతెన దాటి ఆగింది. ముందు పెట్టెలోంచి ఒక అతిథి తల బయటపెట్టి, ఇది కార్యక్రమంలో భాగమేనా అని అడిగాడు.

పట్టాలు బాగుచేసేవాళ్ళ ట్రాలీ మీద రెతేనో న్జోలే చేరేసరికి గంట పట్టింది. స్టేషన్ బెంచీ మీద ఎయెగె సంకెళ్ళతో కూర్చున్నాడు. అటూ ఇటూ మానియోకు దుంపలు అమ్మేవాళ్ళ వేషంలో మాదామ్ మబిక మనుషులు. అవతలి బెంచీ మీద ఎయెగె పిస్తోలు పక్కన పెట్టుకుని అందెమె ఉడికించిన అటాంగా పళ్ళు తింటోంది.

"ముఠాలో మన మనిషి నువ్వా?"

"ఎనిమిది నెలలైంది. బస్తా సంగతి తెల్లారుజామున తెలిసింది. ఇవాంగాతో కబురు పంపా." ఆమె చేతిలో పండు కింద పెట్టింది. "నీళ్ళు తెచ్చినప్పుడు నిన్ను చూశాకే ఊపిరాడింది. వీడు పక్కనే జేబులో తుపాకీ పెట్టుకుని కూర్చున్నాడు. మైకొక్కటే మిగిలింది."

"వాడికి తప్పులు తెలీలేదా?"

"నా మాట ఒక్కటైనా విన్నాడా వాడు? నువ్వయితే కుళ్ళుకుంటూనైనా వింటావు."

రెతేనో పక్కన కూర్చున్నాడు. గడ్డం సగం ఊడి వేలాడుతోంది. ఆమె దాన్ని పీకి పారేసి ఒక అటాంగా అతని చేతిలో పెట్టింది.

దాన్ని కొరుకుతూ అడిగాడు. "అయితే వాడితో... ఆ నవ్వులూ అవీ..."

"అంతా నటనే."

"అంతానా?"

అందెమె గింజ ఉమ్మేసింది. నిజాయితీ గల మనిషి.

"డాన్సు మాత్రం బాగా చేస్తాడు, పాపిష్టి వెధవ."

రెతేనో సంకెళ్ళలో ఉన్న ఎయెగె వంక చూశాడు. ఒకసారి అరెస్టయినవాణ్ణి మళ్ళీ అరెస్టు చేయడానికి చట్టంలో ఏమైనా వీలుందేమోనని తీవ్రంగా ఆలోచించాడు.