తొమ్మిది సెకన్ల తప్పు

“అమ్మా, లోపలికి రావే! నా కళ్ళల్లో సబ్బు పడింది...”

ఆరేళ్ళ బుడ్డిది స్నానాల గదిలోంచి గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి మాత్రం గుమ్మం దగ్గరే కొయ్యబారి నిలబడిపోయింది! ఆమె చూపు కూతురి మీద లేదు, అంచుల దాకా నీళ్ళు నిండిన బకెట్టు మీదుంది. పెదవులు వాటంతటవే లెక్కపెడుతున్నాయి... ఒకటి, రెండు, మూడు... ముప్పై దాకా వెళ్ళి మళ్ళీ ఒకటి! చివరికి వంటింట్లోంచి భర్త పరుగెత్తుకొచ్చి, పిల్ల కళ్ళు కడిగి, తువ్వాలు చుట్టి ఎత్తుకున్నాడు. “ఎన్నాళ్ళిలా? ఇరవై మూడు రోజులైంది... అమ్మతో చెప్పి నాలుగు రోజులు సెలవు పెట్టుకోరాదూ?” అన్నాడు మెల్లగా. “మీరే చెప్పండి మీ అమ్మగారికి!” అందామె. ఆ మాటకి ఆయనగారు పిల్ల తల తుడవడంలో మునిగిపోయాడు. పాపం, తల్లి ముందు ఆ మనిషికి నోట్లో నాలుక ఉండదు.

ఆయన తల్లి సామాన్యురాలా మరి! ఊళ్ళో ఎవరికి ఏ ఆపద వచ్చినా ఫోను చేసే ఎమర్జెన్సీ కంట్రోల్ రూముకి ఆవిడ సూపర్‌వైజరు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. చాటుగా అందరూ హెడ్‌మాస్టరమ్మ అంటారు. ఆవిడ కళ్ళజోడు పైకి జరిపితే చాలు, గదిలో పన్నెండు కుర్చీల్లోనూ నడుములు నిటారుగా అయిపోతాయి! అయిదేళ్ళ కిందట కోడలు పరీక్ష రాసి అదే గదిలో ఉద్యోగం తెచ్చుకుంటే, పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది కూడా ఆవిడే. ఫోన్లో గొంతు వణకకూడదు. అవతలివాళ్ళు పెట్టేదాకా మనం పెట్టకూడదు. కంగారులో ఉన్నవాళ్ళు అడ్రసు ఒక్కసారి చెబితే నమ్మకూడదు, రెండోసారి చెప్పించి తీరాలి. ఇంట్లో కోడలికి కాస్త తలనొప్పి వచ్చినా మందు తెచ్చి మింగేదాకా పక్కనే నిలబడే మనిషి, ఆఫీసులో అడుగుపెడితే ఆమె ఎవరో తెలియనట్టే ఉండేది. “అక్కడ నేను అత్తనీ కాదు, నువ్వు కోడలివీ కాదు” అని మొదటిరోజే గీత గీసేసింది.

ఇరవై మూడు రోజుల కిందట ఒక తల్లి ఫోను చేసింది. రెండేళ్ళ బాబు నీళ్ళ బకెట్టులో తలకిందులుగా పడిపోయాడు, ఊపిరి లేదు! కోడలు అడ్రసు అడిగింది. నేర్చుకున్న ప్రకారం రెండోసారీ అడిగింది. “చెప్పాను కదా!” అని ఆ తల్లి పెట్టిన కేక... అమ్మో, అది ఈనాటికీ చెవుల్లో గింగురుమంటూనే ఉంది! ఆ తర్వాత పదకొండు నిమిషాలు ఆ తల్లి చేత బాబు గుండె మీద నొక్కిస్తూ, ఫోన్లో ఆమె లెక్కపెడుతూనే ఉంది. అంబులెన్సు బండి వెళ్ళింది. బాబు దక్కలేదు. రెండోసారి అడగడానికి పట్టింది తొమ్మిది సెకన్లని తర్వాత కంప్యూటర్లో చూసుకుంది. అంతే! ఆ తొమ్మిది సెకన్లూ తనే తినేసింది, ఆ బిడ్డ ఉసురు తనే పోసుకుంది... పడుకున్నా లేచినా ఇక వేరే ఆలోచన లేదు. ఆమె హెడ్‌సెట్టు తీసి బల్ల మీద పెడితే, అత్తగారు దగ్గరికి వచ్చి ఒకే ఒక్క మాట అంది. “తర్వాతి కాల్ తీసుకో.”

అంతకు ముందు నెలలో పొడుగమ్మాయి అని పిలిచే జూనియరుకి ఇలాంటి కాలే వచ్చింది. అప్పుడు ఇదే అత్తగారు ఆ పిల్లని గుండెకి హత్తుకుని, వారం రోజులు సెలవిచ్చి, తనే వెంటబెట్టుకుని మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది! పరాయి పిల్ల ఏడిస్తే కన్నీళ్ళు తుడిచే చెయ్యి, ఇంటి పిల్ల ఏడిస్తే ఎక్కడికి పోతుందో, ఆ దేవుడికే తెలియాలి. కోడలు అడగలేదు. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. మింగలేక కక్కలేక అలాగే రోజులు లాక్కొచ్చింది.

కానీ నిన్న జరిగిందానికి ఆమె గుండె నిలువునా పగిలిపోయింది! షిఫ్టు అయిపోయి బయటికి వస్తుంటే, కొత్త బ్యాచికి అత్తగారు క్లాసు చెబుతున్న గదిలోంచి తన గొంతే వినిపించింది. “కంగారు పడకండమ్మా... నాతో పాటు నొక్కండి... ఒకటి, రెండు...” అద్దం తలుపు వెనక ఇరవై మంది తలలు వంచుకుని ఆ రికార్డింగు వింటున్నారు. అత్తగారు బల్ల మీద చెయ్యి చరిచి, “ఇందులో తప్పెక్కడుందో చెప్పండి!” అంటోంది. కోడలు చెవులు రెండూ మూసుకుని మెట్లు దిగిపోయింది. పేరు చెప్పకపోతే మాత్రం గొంతు తెలియదా? తన పాపాన్ని పాఠం చేసి నలుగురికీ పంచిపెడతారా? అయినవాళ్ళు చేసే పనేనా ఇది!

ఈ రోజు ఆమెకి వారపు సెలవు. అత్తగారు డ్యూటీకి, భర్త పనికి, బుడ్డిది బడికి వెళ్ళిపోయారు. ఇల్లంతా తుడిచింది. పిల్ల బట్టలు మడత పెట్టింది. రేపటి యూనిఫారం ఇస్త్రీ చేసి మంచం మీద పరిచింది. మధ్యాహ్నం రెండున్నరకి అయిదో అంతస్తు మీద డాబాకి వెళ్ళి పిట్టగోడ దగ్గర నిలబడింది. భయం లేదు, ఏడుపూ లేదు. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది... మూడున్నరకి స్కూలు బస్సు వస్తుంది. బుడ్డిది ఆ గేటు దగ్గరే దిగుతుంది. చూస్తుంది! అయిదేళ్ళ అలవాటు ఊరుకుంటుందా, చెయ్యి దానంతటదే ఫోను తీసి ఆ నంబరు నొక్కింది. ఎవరో ఒక జూనియరు ఎత్తుతుంది, నాలుగు ముక్కలు చెప్పి పెట్టెయ్యచ్చు అనుకుంది.

కానీ ఆ వేళప్పుడు పన్నెండు కుర్చీలూ కాల్స్‌లో ఉన్నాయి. అన్నీ నిండితే కాల్ వెళ్ళేది సూపర్‌వైజరు బల్లకే!

“ఎమర్జెన్సీ. ఎక్కడున్నారో చెప్పండి.”

అది అత్తగారి గొంతేనని కోడలు గుర్తుపట్టింది. పెట్టెయ్యబోయి కూడా ఆగిపోయింది. గొంతు మార్చి, పరాయిదానిలా గడగడా చెప్పేసింది. “ఒక అడ్రసు రాసుకోండి. అక్కడికి మూడున్నర లోపల బండి రావాలి. ఆరేళ్ళ పాప బస్సు దిగుతుంది... ఆ పాప చూడకముందే అంతా తీసెయ్యాలి. దయచేసి పాపని చూడనివ్వద్దు!” ఆ వెంటనే ఇంటి అడ్రసు చెప్పింది.

“అడ్రసు... ఇంకొక్కసారి...” అంది అత్తగారు. అలవాటు కొద్దీ అంది. సగంలోనే, ఆ అడ్రసు తమ ఇంటిదేనని తట్టింది.

“చెప్పాను కదా!” అని కోడలు కేక పెట్టింది. ఆ కేక తన చెవినే పడింది. పిట్టగోడకి వీపు ఆన్చి నేల మీద చతికిలబడిపోయింది.

“అమ్మాయ్! నువ్వా... నువ్వేనా? ఎక్కడున్నావే తల్లీ?”

“డాబా మీద, పిట్టగోడ దగ్గర. నాకీ ప్రశ్నలన్నీ తెలుసు అత్తయ్యా. తర్వాత పక్కనెవరున్నారని అడుగుతారు. ఆ తర్వాత నాతో మాట్లాడుతూనే ఉండండి అంటారు. అవన్నీ నాకు నేర్పింది మీరేగా!”

ఆ ప్రశ్నల పట్టీ తన చేత్తో రాసిన మనిషి, ఆ పట్టీని పక్కకి తోసేసింది! వెనక ఎవరో కుర్చీ తోసుకుని లేచిన చప్పుడు. “మేడమ్, బండి నేను పంపిస్తున్నా. మీరు మాట్లాడండి, మాట్లాడుతూనే ఉండండి!” అని పొడుగమ్మాయి గొంతు వినబడింది.

“నిన్న క్లాసులో నీ కాల్ విన్నావు కదూ?” అంది అత్తగారు. “తలుపు దగ్గర నీ నీడ చూశాను. ఇంటికెళ్ళాక మాట్లాడదాంలే అనుకున్నాను. ఇంటికొచ్చాక నా నోరు పెగల్లేదు.”

“ఏం మాట్లాడతారు? తప్పు ఎలా చెయ్యకూడదో నన్ను చూపించి నేర్పుతున్నారుగా!”

“ఛీ, నోర్ముయ్!” అని కసిరింది అత్తగారు. కసిరి, వెంటనే కంగారు పడిపోయింది. “కాదమ్మా, కాదు... విను. ఇందులో తప్పెక్కడుందో చెప్పమన్నాను, నిజమే. ఇరవై మందీ అరగంట వెతికారు. ఒక్కరికీ దొరకలేదే! దొరకదని తెలిసే అడిగాను. ఆ తల్లి మొదటిసారి రెండో వీధి అని చెప్పింది. వాళ్ళు ఆ నెలలోనే ఇల్లు మారారట, కంగారులో పాత ఇల్లు చెప్పేసింది. నువ్వు మళ్ళీ అడిగావు కాబట్టి, కేక పెట్టి, మూడో వీధి అంది. నీకు ఆ కేకే గుర్తుంది. ఆ తర్వాతి మాట గుర్తులేదు. నువ్వు అడక్కపోతే ఆ బండి పాత ఇంటి ముందు నిలబడి ఉండేది! తొమ్మిది సెకన్లు నువ్వు తినలేదు తల్లీ. పని సరిగ్గా చేసినా ఒక్కోసారి బిడ్డ దక్కడు, అది ముందే తెలుసుకోండి అని వాళ్ళకి చెప్పడానికి నాకు దొరికిన మేలైన కాల్ నీది.”

కోడలు గుర్తుచేసుకుంది. మూడో వీధి... అవును, ఎక్కడో అడుగున ఆ మాట ఉంది. కానీ ఆ మాట వెంబడే కోపం ఎగదన్నుకొచ్చింది.

“ఇరవై మూడు రోజులు అత్తయ్యా! ఇరవై మూడు రోజులు ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం! ఇరవై మంది కొత్తవాళ్ళకి చెప్పారు, నాకు చెప్పడానికి మీకు నోరు రాలేదా? పొడుగమ్మాయికి సెలవు, డాక్టరు... నాకు తర్వాతి కాలా? నేనేం పాపం చేశాను!”

“నా కోడలివయ్యావు. అదే నీ పాపం” అంది అత్తగారు. “నిన్ను మెచ్చుకుంటే ఇంటి మనిషిని నెత్తినెక్కించుకుందంటారని, నీకు సెలవిస్తే కోడలికో రూలు ఊరికో రూలు అంటారని... నలుగురి నోటికి భయపడి నా ఇంటి దీపాన్నే గాలిలో పెట్టుకున్నాను. తిట్టవే, ఎంత కావాలంటే అంత తిట్టు. ఈ మాటలన్నీ రికార్డవుతున్నాయి, అవనీ! పైవాళ్ళు విని నా కుర్చీ తీసేస్తే తీసెయ్యనీ. నువ్వు మాత్రం ఆ గోడ దగ్గర్నుంచి ఇవతలికి రా. రెండడుగులు... నా కోసం వద్దులే, నా మీద కోపంతోనే రా!”

కోడలు భోరుమంది! ఇరవై మూడు రోజులుగా గడ్డకట్టుకుపోయిన ఏడుపు ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. ఏడుస్తూనే, తిడుతూనే, చేతుల మీద పాక్కుంటూ ఆరేసిన దుప్పట్ల దాకా వచ్చి పడిపోయింది. అప్పటికే, అత్తగారు పొడుగమ్మాయి చేత ఫోను చేయించిన కింది ఫ్లాటావిడ ఆయాసపడుతూ డాబా మీదికి వచ్చి ఆమెని పొదివి పట్టుకుంది. ఫోన్లో ఇప్పుడు పొడుగమ్మాయి ఉంది. “అక్కా, మేడమ్ బయల్దేరారు. కుర్చీ నాకప్పజెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయారు. వచ్చేదాకా నేనుంటాను, ఫోను పెట్టనక్కా...” షిఫ్టు మధ్యలో అత్తగారు ఆ కుర్చీ వదిలి లేవడం ఇరవై ఎనిమిదేళ్ళలో అదే మొదలు.

బుడ్డిది బస్సు దిగే వేళకి, బండిలో వచ్చినవాళ్ళు చూసి వెళ్ళాక, అమ్మ కింది ఫ్లాటులో, నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని ఉంది. “అమ్మకి జ్వరమా?” అని అడిగింది. “అవునమ్మా, చాలా రోజుల్నుంచి. మేమే చూసుకోలేదు” అంది నాయనమ్మ. భర్త వచ్చి భార్య కాళ్ళ దగ్గర కూర్చుని కుమిలిపోయాడు. ఆ రాత్రంతా ముగ్గురూ వంతులు వేసుకోకుండానే మేలుకుని ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో మనసు డాక్టరు గది ముందు అత్తాకోడళ్ళు నిలబడ్డారు. కోడలి పేరు మీద చీటీ రాసి, “అంతేనా?” అంది కౌంటర్లో అమ్మాయి.

“ఇంకొకటి రాయమ్మా” అంది అత్తగారు.

“ఎవరికి?”

“నాకే.”

కోడలు తెల్లబోయింది. అత్తగారు బెంచీ మీద కూర్చుని, నేల చూపులు చూస్తూ చెప్పింది. “ఇరవై రెండేళ్ళయిందే. ఒక పిల్ల... తొమ్మిదేళ్ళుంటాయేమో. ఇల్లు అంటుకుంటే గదిలో చిక్కుకుపోయింది. నాతో మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆగిపోయింది. నాకు పని నేర్పిన పెద్దసారు భుజం తట్టి, తర్వాతి కాల్ తీసుకోమ్మా అన్నారు. తీసుకున్నాను. ఇప్పటిదాకా తీసుకుంటూనే ఉన్నాను. ధైర్యమంటే అదేననుకున్నాను, నీకూ అదే నేర్పాను. ఒక్కరోజు కంటినిండా నిద్రపోయింది లేదు. ఈ సంగతి మీ మావయ్యగారికి కూడా తెలియకుండానే ఆయన పోయారు.”

ఎప్పుడూ బిగుసుకుని ఉండే ఆ వేళ్ళు ఇప్పుడు చీటీని నలిపేస్తున్నాయి. కోడలికి కోపం పూర్తిగా పోలేదు. పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో కూడా తెలియదు. అయినా చెయ్యి చాపి ఆ వేళ్ళు పట్టుకుంది. అంతలో లోపల్నుంచి పిలుపు వచ్చింది.

“ముందు మీరు వెళ్ళండి అత్తయ్యా. నేను కూడా వస్తాను.”

అత్తగారు లేవలేదు. పన్నెండు కుర్చీల్ని గడగడలాడించిన హెడ్‌మాస్టరమ్మ, మొదటిరోజు బడికెళ్ళే పిల్లలా బెంచీని పట్టుకుని కూర్చుంది! “లోపల ఏం చెప్పాలే? ఏడవమంటారేమో... నాకు ఏడుపు రాదే. రావడం మరిచిపోయి ఏళ్ళయింది.”

“రాకపోతే రాలేదనే చెప్పండి” అంది కోడలు. “లేవండి, పిలుస్తున్నారు.”

అత్తగారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని లేచింది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.