సుబ్బాయమ్మ తూము దగ్గర దిగిపోయే ఛార్జింగ్

గణపవరం దాటి కొల్లేటి గట్టెక్కాక, సుబ్బాయమ్మ తూము దగ్గర దీపం నిలవదని చెప్పుకుంటారు. పడవలో వెళ్లిన మొగుడు ఎంతకీ రాకపోతే, లాంతరు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, సుబ్బాయమ్మ ఆ తూములోనే పడిపోయిందట. పడేముందు లాంతరు ఆరిపోయిందట. అప్పట్నుంచీ అక్కడ ఇంకెవరి దీపమూ వెలగనివ్వదట…

చేపల చెరువుల కాపలావాళ్లు తూము దగ్గరకొచ్చేసరికి టార్చి వాళ్లే ఆర్పేస్తారు. చీకట్లో గబగబా నడిచి, దాటాక వెలిగించుకుంటారు. ఆవిడ ఆర్పేదాకా ఉండటం కన్నా మనమే ఆర్పుకోవడం మర్యాద కదండీ అంటారు!

తాడేపల్లిగూడెంలో బళ్లకి కరెంటు పని చేసే బాజీకి ఇలాంటి మాటలంటే నవ్వు. బ్యాటరీ దిగిపోయిందంటే దానికో కారణం ఉంటుంది. ఫ్యూజో, రిలేనో, వైరో… కాకపోతే మనిషి. ఇరవయ్యేళ్ల పనిలో అతనికి ఎక్కువసార్లు దొరికింది మనిషే.

కానీ ఈ ఒక్క బండి అతని పరువు తీసేస్తోంది.

బండి నిత్యానందం మాస్టారిది. స్కూల్లో బాజీకి సైన్సు చెప్పిన మాస్టారే. రిటైరయ్యాక పాత టెంపో వ్యాను కొని, లోపల మంచం, ఫ్యాను, వంటగట్టు పెట్టించి, కారవాన్‌లా చేయించుకున్నారు. అదంతా భార్య సలోమి గారి కోసం. ఆవిడకి ఊపిరితిత్తులు పాడై, రాత్రి పడుకుంటే ఆక్సిజన్ మిషను ఉండాల్సిందే. పుట్టింది కొల్లేటి లంకలో. తెల్లారుతూ గూడబాతులు ఒక్కుమ్మడిగా లేచే వేళకి గట్టు మీద ఉండాలని ఆవిడ కోరిక. అంత బండి నిలబెట్టడానికి ఆ గట్టు మీద చోటున్నది తూము దగ్గరే. మిషను కోసం వెనక రెండో బ్యాటరీ బిగించింది బాజీ.

రెండుసార్లు వెళ్లారు. రెండుసార్లూ అర్ధరాత్రి దాటాక ఛార్జింగ్ దిగిపోయి మిషను ఆగిపోయింది. గంటసేపు వచ్చే చిన్న సిలిండరు తగిలించి, ఏలూరు ఆసుపత్రికి పరుగు పెట్టారు. రెండోసారి దారిలోనే సిలిండరు అయిపోయి, సలోమి గారి పెదాలు నీలంగా మారాయి. ఇంకోసారి ఇలా తెస్తే నేను చెప్పలేనండీ అన్నారు డాక్టరుగారు.

మర్నాడు బండి షాపుకొస్తే మాత్రం… బ్యాటరీ నిండుగా ఉండేది! ఇంజను తిప్పితే ఛార్జింగ్ ఎక్కుతోంది. రాత్రంతా మిషను పెట్టి చూసినా దిగడంలేదు. గూడెంలో కనపడని జబ్బు తూము దగ్గరకెళ్తే తిరగబెడుతోంది. బాజీ పాత బ్యాటరీకి కొత్త స్టిక్కరేశాడని పక్క షాపుల్లో అనుకోవడం అతని చెవిన పడింది. ఒళ్లు మండిపోయింది.

"ఈసారి నేనూ వస్తానండీ మాస్టారూ," అన్నాడు.

దారి పొడుగునా అతను డ్రైవరు వెంకట్రాజునే గమనించాడు. మనిషి తీరు ఏం బాలేదు. "అక్కడొద్దండీ, ఇంకెక్కడైనా ఆపుకుందాం," అని మూడుసార్లు అన్నాడు. గట్టెక్కాక, "బాజీ గారూ, రాత్రికి తమరు ఎక్కడ పడుకుంటారండీ?" అని అడిగాడు. వీడికెందుకు ఆ ఆరా?

మాస్టారు మాత్రం పకపకా నవ్వారు. "దెయ్యానికి మన కరెంటెందుకు వెంకట్రాజూ? ఫ్యాను వేసుకుంటుందా?"

పొద్దుగూకకముందే బాజీ బండి కిందికి దూరి ప్రతి నట్టూ చూశాడు. బ్యాటరీ పెట్టెకి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. వెంకట్రాజు బండి పక్కన చాప పరుచుకున్నాడు. బాజీ ముందు సీట్లో నడుం వాల్చాడు.

పదకొండయ్యుంటుంది… వెనకాల ఎక్కడో టక్‌మని ఇనుము ఇనుముకి తగిలింది.

బాజీ చప్పుడు చెయ్యకుండా దిగాడు. ఎవరూ లేరు. పెట్టె తాళం వేసినట్టే ఉంది. చాప మాత్రం ఖాళీగా ఉంది!

దొంగ సచ్చినోడు దొరికాడనుకున్నాడు. బండి ముందు చక్రం పక్కన నక్కి, వాడు తిరిగొచ్చే దారి కేసి చూస్తూ కూర్చున్నాడు. తూములోంచి నీళ్ల చప్పుడు… గుర్రపుడెక్కలో ఏదో కదులుతున్న చప్పుడు… ఎవరూ రాలేదు.

ఒంటిగంట దాటాక, బండి లోపల కీ… కీ… కీ… అంటూ మిషను అరిచింది.

"సలోమీ! సలోమీ!" మాస్టారి గొంతు. సిలిండరు తగిలించిన చప్పుడు. ఇక ఉన్నది గంట. ఆ గట్టు మీద రాత్రిపూట ఏలూరు చేరడానికి గంట చాలదు.

బాజీ పెట్టె తెరిచి మీటరు పెట్టాడు. బ్యాటరీ నిండుగా ఉంది. మరి మిషనుకెందుకు అందడంలేదు? కరెంటు అడ్డుపడ్డ చోట వేడెక్కుతుందని ఫ్యూజు ముట్టుకున్నాడు… చల్లగా ఉంది. ప్లస్సు వైరు… అదీ చల్లగానే ఉంది. బ్యాటరీ నుంచి వెళ్లిన కరెంటు తిరిగొచ్చే దారి ఇంకొకటుంది. బండి కింద ఎర్త్ నట్టు. పాకుతూ వెళ్లి చీకట్లో చెయ్యి చాపాడు.

తడిగా, గుండ్రంగా… మెత్తగా ఏదో చేతికి తగిలింది.

బాజీ చెయ్యి లాక్కున్నాడు. టార్చి వేశాడు.

మూడు నిమ్మకాయలు! ఇనప తీగకి గుచ్చి, ఆ తీగని ఎర్త్ నట్టు కిందే దూర్చి బిగించారు. నట్టు కాలిపోతోంది. నిమ్మరసం దాని మీద కారి చుయ్‌మంటోంది. ఆ తీగ అడ్డంతో, ఆ పులుపుతో కరెంటు సరిగ్గా దాటడంలేదు. లైటు లాంటి చిన్నది వెలుగుతుంది గానీ, మిషను లాంటి పెద్దది లాగేసరికి చతికిలపడుతోంది.

తీగ పీకేశాడు. గరుకు కాగితంతో గీకాడు. చేతులు కాలుతున్నా నట్టు బిగించాడు. పైన మిషను ఒకసారి దగ్గి… గుయ్‌మని అందుకుంది. కాసేపటికి సలోమి గారి ఊపిరి కుదుటపడటం కింద పడుకున్న అతనికి వినపడింది. కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది.

అప్పుడే రోడ్డు వైపు నుంచి వెంకట్రాజు పరిగెత్తుకుంటూ వచ్చాడు. బాజీ వాడి చొక్కా పట్టుకున్నాడు.

"ఆ తల్లి ప్రాణం తీద్దామనుకున్నావేంట్రా?" గొంతు తగ్గించి అడిగాడు.

"నేనేం చేశానండీ బాబూ! ఇక్కడ పడుకోవాలంటే భయమేసి, ఆ రోడ్డు పక్కన పుష్పమ్మ టీకొట్టు అరుగు మీద పడుకున్నానండీ… మిషను అరుపు విని వచ్చానండీ!"

"మరి ఈ నిమ్మకాయలు నీ బాబు కట్టాడా?"

"వెంకట్రాజుని వదిలెయ్, బాజీ."

బండి మెట్టు మీద మాస్టారు. చేతిలో స్పానరు.

బాజీ చొక్కా వదిలేశాడు.

"దీపం మొదలు దగ్గర నిమ్మకాయ కడితే ఆవిడ జోలికి రాదని కాపలావాళ్లు చెప్పారు. ఈ బండిలో దీపానికి మొదలు ఆ ఎర్త్ నట్టే కదా అని…" మాస్టారు తల దించుకున్నారు. "మొదటిసారి ఒకటి కట్టాను. మిషను ఆగింది. ఒకటి చాల్లేదేమో అనుకున్నాను. రెండోసారి రెండు. ఇవాళ మూడు, నువ్వు దిగేలోపే కట్టేసి లోపలికొచ్చేశాను. ఆ రెండుసార్లూ ఆసుపత్రి దగ్గరే నిమ్మకాయలు విప్పేసి, నట్టు మళ్లీ బిగించేశాను. ఎవరైనా చూస్తే నవ్వుతారని."

"ఎర్త్ అంటే ఏంటో నాకు నేర్పిందే మీరు కదండీ మాస్టారూ…"

"తెలుసురా. అన్నీ తెలుసు. పక్కన దాని ఊపిరి అందకపోతుంటే, తెలిసిందేదీ గుర్తురాదు."

లోపల్నుంచి సన్నగా పిలుపు. "ఏవండీ… బయట ఎవరితోనండీ?"

మాస్టారు బాజీ చెయ్యి పట్టుకున్నారు. "దానికి చెప్పకురా. నేను చర్చిలో పెద్దని."

"నట్టు లూజైందండీ అమ్మగారూ, బిగించేశాను," అని బాజీ కేకేశాడు. "పడుకోండి. తెల్లారాక గూడబాతుల్ని చూద్దురు గాని."

మాస్టారు నిమ్మకాయలు తీసుకుని నీళ్లలోకి విసరబోయారు. తూము అవతల చీకట్లో ఏదో గుళుక్కుమంది. ముగ్గురూ అటే చూశారు… చాలాసేపు చూశారు.

"పారేయకండి మాస్టారూ," అన్నాడు బాజీ, గొంతు బాగా తగ్గించి. "ముందు బంపరుకి కట్టేద్దాం. అక్కడైతే కరెంటుకి అడ్డం రాదు."