విన్నందుకూ చార్జీయే

మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడ ముందు ఆ రోజుల్లో ఒక వింత కనబడేది. టై కట్టుకున్న పెద్దమనుషులు సెల్ ఫోన్ పట్టుకుని బండరాళ్ళ మీదికి ఎక్కి, ఒక చెవి మూసుకుని "హలో, వినబడుతోందా?" అని గొంతు చించుకునేవాళ్ళు. సిగ్నల్ అక్కడే అందేదట. కింద మేస్తున్న గేదెలు తలెత్తి చూసి, మళ్ళీ గడ్డిలో పడేవి. అరవడానికి నిమిషానికి అంత డబ్బు ఎందుకో గేదెలకు ఎలాగూ అర్థం కాదు. అరిచేవాళ్ళకు అర్థమైనట్టు కూడా ఎక్కడా దాఖలా లేదు.

తొంభై తొమ్మిది వానాకాలంలో ఆ మేడలోనే పెర్ల్ సెల్యులార్ అనే కంపెనీ ఒక చర్చా పోటీ పెట్టింది. సెల్ ఫోన్ ధరలను ప్రభుత్వం నియంత్రించాలా వద్దా అన్నది విషయం. వద్దు అని తేలాలనే కంపెనీ అందరికీ సమోసాలు తెప్పించింది.

కంపెనీ తరఫున లేచినవాడు రంగనాథ్. శంకరపల్లి దగ్గరి పల్లెటూరివాడు, ఎం.బి.ఏ. చదివి టారిఫ్ సెక్షన్‌లో చేరాడు. అంటే ఎవరి దగ్గర ఎంత గుంజవచ్చో లెక్క కట్టే సెక్షన్. కంపెనీ ఇచ్చిన ఫోన్ అతని జేబులో ఎప్పుడూ సగం బయటికి కనబడుతూ ఉండేది. చేసినా, వచ్చినా అతనికి బిల్లు లేదు. అతను ఫోన్ చేసేది కూడా తనలాంటి కంపెనీవాళ్ళకే.

"మాట్లాడేవారికి ఎంత సేవ అందుతుందో, వినేవారికీ అంతే అందుతుంది," అన్నాడు మైకు ముందు, బట్టీ పట్టిన తెలుగులో. "కాబట్టి ఇన్‌కమింగ్ కాల్‌కు కూడా చార్జీ ఉండటం న్యాయం. మన దగ్గర రెండు కంపెనీలున్నాయి. పోటీయే ధరలు తగ్గిస్తుంది. ప్రభుత్వం కల్పించుకోనక్కర్లేదు."

అవతలి పక్షం నుంచి ఒకమ్మాయి లేచింది. పేరు రెబెక్కా. బాలానగర్‌లో జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతుంది. సాయంత్రాలు అక్కడి వినియోగదారుల సంఘం పని చూస్తుంది. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మర్యాదగా మాట్లాడుతూనే మనిషిని నేలకు దించగలదు.

"మా ఇంటి తలుపు ఎవరో కొడతారండి. నేను వెళ్ళి తీస్తాను. తీసినందుకు నేను డబ్బులు కట్టాలా?"

హాలు నవ్వింది.

"ఇంకోటండి. రెండు కంపెనీలున్నాయన్నారు. రెండూ ఒకే నెలలో, ఒకే రేటుకు పెంచాయి. ఇది పోటీయా, పొత్తా?"

రంగనాథ్ నీళ్ళు తాగాడు. "అది... కలిసొచ్చింది మేడం."

"కలిసొచ్చిందండి. మీకు."

మొదటి బహుమతి ఆమెకే ఇవ్వక తప్పలేదు. బహుమతి పెర్ల్ వారి సెల్ ఫోన్. బిల్లు మాత్రం ఆమెదే. రంగనాథ్ మీది అధికారి విశ్వేశ్వరరావు ఆమె చేతికి పెట్టె అందించి, ఫొటోకు పళ్ళన్నీ చూపించాడు.

"రంగనాథ్, మేడం గారికి ఎలా వాడాలో చూపించు," అన్నాడు తర్వాత, నవ్వు మడిచి జేబులో పెట్టుకున్నట్టుగా మొహం మార్చి.

బయట వాన మొదలైంది. మేడ ముందు బస్ స్టాప్ అంటే రేకు కప్పు, రెండు ఇనుప గొట్టాలు. కంప్యూటర్లు ప్రపంచాన్ని ఏలతాయని బోర్డులు పెట్టిన రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. ఇద్దరూ ఆ రేకు కింద నిలబడ్డారు.

"గీ పచ్చది నొక్కితే మాట్లాడొచ్చు. ఎర్రది నొక్కితే కట్," అన్నాడు రంగనాథ్. మైకు లేనప్పుడు అతని తెలుగు అతని ఊరికి తిరిగి వెళ్ళిపోతుంది.

"ఏది నొక్కితే మీ రేటు తగ్గుతుందండి?"

"గా బటన్ ఇంక తయారు గాలే."

ఆమె నవ్వకూడదనుకుంది. పెదవి కొరుక్కున్నా కళ్ళు మాట వినలేదు. అతను ఆ కళ్ళను చూసి, ఫోన్ సంగతి మరిచి, ఇంకోసారి చెప్పబోయి పచ్చదాన్ని ఎర్రదన్నాడు.

"వద్దనుకుంటే ఫోన్ తీసుకునుడెందుకు మేడం?"

"బిల్లు రావాలి కదండి. మీమీద కంప్లయింట్ పెట్టాలంటే ఆధారం ఉండాలి."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కేసింది. రేకు కింద రంగనాథ్ ఒక్కడే మిగిలాడు. తనకు వేరే బస్సు లేదని, అసలు బస్సే అక్కర్లేదని, బండి మేడ వెనక పెట్టి ఉందని చాలాసేపటికి గుర్తొచ్చింది.

ఆ తర్వాత పెర్ల్ సెల్యులార్ చరిత్రలో ఏ కస్టమర్‌కూ జరగనంత సేవ ఆమెకు జరిగింది. కస్టమర్ల అభిప్రాయం కనుక్కోవాలని చెప్పి రంగనాథ్ వీలైనప్పుడల్లా బాలానగర్ వెళ్ళేవాడు. సంఘం ఆఫీసు అంటే లేత్ మెషీన్ల షెడ్డు మీద ఒక గది. కింద ఇనుము అరుస్తుంటే పైన వీళ్ళు దానికంటే గట్టిగా అరుచుకునేవాళ్ళు.

"హ్యాండ్‌సెట్ ధర పెడితే సెకండ్ హ్యాండ్ స్కూటర్ వస్తుందండి. సామాన్యుడు ఎలా కొంటాడు?"

"సుంకం అట్లుంది మేడం. సర్కారు సుంకం తగ్గిస్తే మేం తగ్గిస్తం."

"మీరు తగ్గిస్తారా? మీరు టీ తాగినా కప్పులో కాస్త మిగిల్చి, అది ఎవరికి అమ్ముదామా అని చూసే రకం."

"నన్నంటున్నరా, కంపెనీనంటున్నరా?"

"తేడా తెలిసిన రోజున చెబుతానండి."

ఆ మాట అతనికి దెబ్బలా తగలలేదు. ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. తను కంపెనీ కాదని ఆమెకు చెప్పాలనిపించింది. ఎలా చెప్పాలో తెలియలేదు. అద్దాల మేడలో నేర్పిన భాషలో ఆ మాటకు పదం లేదు.

సంఘం అధ్యక్షుడు యజ్ఞనారాయణ పక్కన ఉంటే అసలు మాటలే సాగవు. ఆఫీసు ల్యాండ్‌లైన్‌కు చేస్తే ఎత్తేది ఆయనే. ఎత్తితే వినియోగదారుల చట్టం చివరి దాకా చెప్పిగానీ పెట్టడు. అందుకని ఒక మంగళవారం సాయంత్రం, వాన పడుతుండగా, రంగనాథ్ ధైర్యం కూడగట్టుకుని మొదటిసారి ఆమె సెల్ ఫోన్‌కు చేశాడు. చెప్పదలచుకున్నది నాలుగు మాటలే. బాత్రూమ్ అద్దం ముందు సాధన కూడా చేశాడు.

రింగ్ వచ్చింది. కట్ అయింది.

సిగ్నల్ పోయిందనుకుని మళ్ళీ చేశాడు. మళ్ళీ కట్.

ఎర్ర బటన్ ఏదో తనే నేర్పాడు. అంతటితో అతనికి లోకం తేటతెల్లమైంది. నా నంబరు చూసి కట్ చేసింది. కంపెనీవాణ్ణి కదా, మనిషిని కాదు. అతను ఫోన్ పూర్తిగా ఆపేసి, మంచం కిందికి విసిరి, ముసుగు పెట్టుకున్నాడు. వేల మంది మాటలను గాలిలో మోస్తున్నామని చెప్పుకునే కంపెనీ మనిషి, ఒక్క మాట చేరలేదని అన్నం మానేశాడు.

మరునాడు ఆఫీసుకు ఆమె ఫోన్ వస్తే మీటింగ్‌లో ఉన్నానని చెప్పించాడు. ఆ మర్నాడూ అదే చెప్పించాడు. ఆమెకూ పౌరుషం ఉంది. మానేసింది. బాలానగర్ దారి అతను మరిచిపోయినట్టు నటించాడు. బండి మాత్రం రోజూ ఆ మలుపు దగ్గర నెమ్మదించేది.

ఇంతలో ఢిల్లీ నుంచి టెలిఫోన్ ధరల నియంత్రణ సంస్థవారు వచ్చి, అదే మేడలో బహిరంగ విచారణ పెట్టారు. ఇన్‌కమింగ్ చార్జీ ఉంచాలా, తీసేయాలా అని జనం మాట వింటారట. అధ్యక్షస్థానంలో రాజమండ్రి పెద్దాయన ఒకరు కూర్చున్నారు. వెనక వరుసలు చందాదార్లతో నిండాయి. ముందు వరుసలో టైలు.

"ఇవ్వాళ మన పరువు నీ చేతుల్లో ఉంది," అన్నాడు విశ్వేశ్వరరావు. "అటూ ఇటూ అయ్యిందో, ఉద్యోగం సంగతి తర్వాత నన్నడక్కు."

రంగనాథ్ కసిగా లేచాడు. రెబెక్కా వైపు చూడకుండా ఆమెకు తగిలేట్టు మాట్లాడాడు. "ఇన్‌కమింగ్ చార్జీ వల్ల వినియోగదారులకు ఏ నష్టమూ జరగలేదు. జరిగిందనేవారు ఒక్క ఉదాహరణ చూపించాలి."

రెబెక్కా లేచింది. "అయ్యా, వీరిని ఒక్క ప్రశ్న అడగవచ్చా?"

"అడగండమ్మా."

"రంగనాథ్ గారూ, మీరు ఒకరికి ఫోన్ చేశారు. వాళ్ళు ఎత్తకుండా కట్ చేశారు. ఎందుకు చేశారంటారు?"

అతని మొహం ఎర్రబడింది. బట్టీ పట్టిన తెలుగు ఎటో పోయింది. "ఎందుకేంది? ఇష్టం లేక."

"ఏమంటే ఇష్టం లేక?"

"చేసినోడంటే."

వెనక వరుసలు విరగబడి నవ్వాయి. ముందు వరుసలోని టైలు మాత్రం ఎందుకో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. బిల్లు కట్టనివాళ్ళకు ఆ నవ్వు అర్థం కాదు.

"మీకు నిజంగానే తెలియదన్నమాట," అంది రెబెక్కా, గొంతు కాస్త దించి. "ఈ హాల్లో సొంత డబ్బుతో ఫోన్ పెట్టుకున్న ప్రతివాళ్ళూ కట్ చేస్తారండి. ఎత్తితే చార్జీ పడుతుంది కదా. ఎవరు చేశారో నంబరు చూసుకుంటాం, కట్ చేస్తాం, కాయిన్ బాక్స్ దగ్గరికి పరుగెత్తుతాం, రూపాయి వేసి తిరిగి చేస్తాం. అమ్మ చేసినా అంతే, దేవుడు చేసినా అంతే."

రంగనాథ్ మైకును వదల్లేదు. పట్టుకుని నిలబడ్డాడంతే. "అంటే... మొన్న మంగళవారం..."

"వానలో తడుస్తూ రోడ్డు దాటి వెళ్ళి చేశానండి. మీది స్విచ్ ఆఫ్. ఇంకో రూపాయి వేశాను. స్విచ్ ఆఫ్. మీ ఆఫీసుకు చేస్తే మీటింగులు."

విచారణకు అధ్యక్షుడైన పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "అమ్మా, ఇది టారిఫ్ విషయమేనా?"

"టారిఫ్ విషయమే సార్. ఇంతకీ ఆ రోజు ఎందుకు చేశారో వారిని చెప్పమనండి."

"గది ఈడ చెప్పేది కాదు," అన్నాడు రంగనాథ్.

"కంపెనీవారు సమాధానం ఇవ్వాలి," అన్నాడు అధ్యక్షుడు, నియమం ప్రకారం.

రంగనాథ్ విశ్వేశ్వరరావు వైపు చూశాడు. ఆయన కళ్ళతోనే కూర్చోమన్నాడు. రంగనాథ్ కూర్చోలేదు.

"నన్ను పెండ్లి చేసుకుంటరా అని అడుగుదామని చేసిన సార్," అన్నాడు. "ఇంకోటి గూడ రాసుకోండ్రి. గా చార్జీ తీసెయ్యాలె. ఇన్ని దినాలు నేను చెప్పింది తప్పు. కంపెనీ తరఫున గాదు, నా తరఫున చెప్తున్న."

గుమాస్తా రాయడం ఆపి తలెత్తాడు. అధ్యక్షుడు దగ్గి, "మొదటి వాక్యం రికార్డు నుంచి తొలగించండి," అన్నాడు.

"తొలగించకండి సార్," అంది రెబెక్కా. "వినియోగదారుడికి జరిగిన నష్టానికి ఉదాహరణ చూపించమన్నారు కదా. ఇదే."

చప్పట్లు చాలాసేపటికి గానీ ఆగలేదు.

బయట చినుకులు పడుతున్నాయి. మెట్ల మీద విశ్వేశ్వరరావు కారెక్కుతూ ఆగాడు. "రేపట్నుంచి నువ్వు టారిఫ్‌లో లేవు. జీడిమెట్ల గోడౌన్‌కు పో. అక్కడ డబ్బాలకు ఉపన్యాసాలు చెప్పుకో." కారు బురద చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది.

రంగనాథ్ తలొంచుకుని నిలబడ్డాడు. రెబెక్కా గొడుగు తెరిచి పక్కకు వచ్చింది.

"బాధగా ఉందా?"

"గోడౌన్‌కు పోతున్నందుకు గాదు. మీరేమన్లేదు గదా, అందుకు."

ఆమె గొడుగును కాస్త అతని వైపు వంచింది. రోడ్డు వైపే చూస్తూ అంది:

"జీడిమెట్ల మా బాలానగర్‌కు పక్కనేనండి. ఆదివారం చర్చి అయ్యాక నాన్నగారు ఇంట్లోనే ఉంటారు. వచ్చి అడగండి."

"ఆయన ఒప్పుకోకపోతే?"

"నేను వాదిస్తాను కదండి. ఇంతవరకు ఎక్కడైనా ఓడిపోయానా?"