ఎడమ ముల్లు

ఆ మేడమీది స్టూడియో మాటెత్తితే మా డబ్బింగ్ వాళ్ళలో ఎవరూ నోరు విప్పరు. పొద్దస్తమానం నోటితోనే బతికేవాళ్ళం... ఆ గది మాట వస్తే మాత్రం అందరి నోళ్ళకూ తాళాలే. తాళం వేసున్న ఆ గదిలో చీకటి పడ్డాక ఎవరో తిడుతున్నట్టు వినిపించేదట. కింద టైలరు విన్నాడు. వాచ్‌మన్ విన్నాడు, మర్నాడే పని మానేశాడు. తిట్లన్నీ అయ్యాక చివర్న ఒకే ఒక్క కేక —

"సైలెన్స్!"

నాకు దెయ్యాలంటే భయం లేదు. ఎందుకుంటుంది? సీరియళ్ళలో దెయ్యాలకు గొంతిచ్చేదాన్ని నేనే. పొద్దున గయ్యాళి అత్త, మధ్యాహ్నం దెయ్యం. గొంతు పెద్దగా మార్చక్కర్లేదు కూడా. నా భయమల్లా మనుషులతోనే. అందులోనూ ఆ స్టూడియో ఓనరున్నాడే, ఆయనతో మరీ.

సైలెన్సు మాస్టారు అనేవాళ్ళం ఆయన్ని. రికార్డు చేస్తున్నంతసేపూ బల్ల మీద ఎర్రదీపం వెలిగేది. రికార్డు చేసింది వింటున్నప్పుడు పచ్చదీపం. ఎర్రదీపం వెలిగిందంటే గదిలో ఒక్కడూ కదలకూడదు, తుమ్మకూడదు, చావొచ్చినా చప్పుడు చెయ్యకుండా చావాలి. పని మాత్రం, అబద్ధం ఎందుకు చెప్పాలి, అద్భుతంగా చేసేవాడు. మనిషే పరమ కర్కోటకుడు.

మా తమ్ముడు సౌండ్ పని నేర్చుకుంది ఆయన దగ్గరే. ఒకరోజు ఎర్రదీపం వెలుగుతుండగా వీడికి దగ్గొచ్చింది. టేకు పాడైంది. మాస్టారు కుర్చీలోంచి లేచి, అందరూ చూస్తుండగా, ఎడమ చెంపకేసి లాగి ఒక్కటిచ్చాడు. చెంప మీద పడితే సరిపోయేది. చెవి మీద పడింది.

అప్పటినుంచీ వాడికి ఎడమ చెవి అలంకారానికే.

ఈ సంగతి వాడికీ, నాకూ, చూసిన డాక్టరుకూ తప్ప నాలుగో మనిషికి తెలియదు. ఒంటిచెవి వాడికి సినిమా సౌండు పని ఎవడిస్తాడండీ? తెలిస్తే ఆ రోజుతో సరి. అందుకే నేనెప్పుడూ వాడి కుడిపక్కనే నడుస్తాను, కుడిపక్కనే కూర్చుంటాను. కసితీరా తిట్టుకోవాలనిపిస్తే మాత్రం ఎడమపక్కకు వెళ్తాను. వాడికి వినబడదు, నా కడుపుమంట చల్లారుతుంది.

మరి పనెలా చేస్తాడంటారా? కళ్ళతో. మాస్టారి బల్ల మీద రెండు ముళ్ళుండేవి, తూకం వేసే కాటాకున్నట్టు. ఎడమపక్క శబ్దం వస్తే ఎడమ ముల్లు ఊగేది, కుడిపక్క వస్తే కుడిది. వీడు కుడి చెవితో వింటూ, ఎడమ చెవి బదులు ఎడమ ముల్లును చూసేవాడు. అలా చూసి చూసి, ముల్లు ఊగే తీరును బట్టే అది పాటో, వానో, మనిషి మాటో చెప్పేసేవాడు.

అక్కణ్ణుంచి బయటికొచ్చి చిన్నాచితకా పనులు చేసుకుంటుంటే, ఇన్నాళ్ళకు వాడికో పూర్తి సినిమా దొరికింది. దొరికిందో లేదో, వాడి కంప్యూటరు సగం పనిలో గుటుక్కుమంది. సరిగ్గా అప్పుడే తెలిసింది — మాస్టారు పోయిన ఇన్ని నెలలకు వాళ్ళావిడ ఆయన వర్క్‌స్టేషన్ని, అంటే ఆ సౌండు కంప్యూటర్ని, బల్లతో సహా అమ్మేస్తోందని.

"అక్కా, అది నేను కొంటానే."

"నీ చెవి పోయింది ఆ బల్ల దగ్గరే కదరా! సిగ్గుందా నీకు?"

"బల్లేం చేసింది? చెయ్యి ఆయనది. కొత్త మిషన్లకు ముళ్ళుండవు. ఈ సినిమా చెడిందంటే మళ్ళీ నన్నెవడూ పిలవడు."

ఆ మాట నిజం. ఇక వాడు దాన్ని చూసుకోడానికి వెళ్ళిన సాయంత్రం ఏం జరిగిందో వాడు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

మాస్టారి భార్య తన ఉద్యోగం అయ్యాక గానీ రానంది. ఆవిడ వచ్చేసరికి చీకటి పడింది. కుండపోత వాన. మెట్ల మీద బల్బు ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆవిడ తాళం తీసి, గడప ఇవతలే నిలబడిపోయింది.

"ఇంకెవరైనా వచ్చారామ్మా చూసుకోడానికి?" అన్నాడు వీడు, ఊరికే ఉండలేక.

"వచ్చారు. ఇవ్వలేదు. నీకే ఇవ్వమన్నాడు పోతూ పోతూ." మొహం చిట్లించింది. "మురిసిపోకు. తిడుతూనే అన్నాడు."

"మైకులు కూడా..."

"మైకులెప్పుడో అమ్మేశాను. ఆ పెట్టె, ఆ బల్ల, ఆ హెడ్‌ఫోన్లు. అంతే. చూసుకుని తొందరగా రా. నేను లోపలికి రాను."

ఎందుకని అడిగేలోపే వెనక తలుపు మూసుకుంది. శబ్దం చొరబడని తలుపు... టక్కున వాన చప్పుడు ఆగిపోయింది. తన గుండె కొట్టుకోవడం తనకే వినబడిందట.

పెట్టె ఆన్ చేశాడు. పాత సరుకు కొనేవాడు చూసుకోవాల్సినవన్నీ చూసుకున్నాడు. ఫ్యాను గరగరలాడుతోందా, డిస్కు టిక్కుటిక్కుమంటోందా, తెర మీద మచ్చలున్నాయా, బల్ల మీద మీటలు బిగుసుకుపోయాయా. అన్నీ బాగున్నాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఇంకా ఏదీ మోగించలేదు. మీట మీద చెయ్యి కూడా లేదు.

ఎడమ ముల్లు కదిలింది.

కుడిది కదల్లేదు. ఎడమది మాత్రం... వణికింది. లేచింది. పడింది. ఆగింది. మళ్ళీ లేచింది.

పాట కాదు. వాన కాదు. మాట... ఎవరో మాట్లాడుతున్నారు. వీడికేమో ఒక్క ముక్క వినబడటం లేదు.

ముల్లు ఆగింది — జవాబు కోసం చూస్తున్నట్టు. తర్వాత ఒక్కసారిగా చివరిదాకా లేచి కొట్టుకుంది. అంటే, అరుస్తున్నారన్నమాట.

నేనైతే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేదాన్ని. వీడు సౌండు మనిషి కదా, ముల్లు ఊగితే ఆ శబ్దమేంటో వినందే ఉండలేడు. హెడ్‌ఫోన్లు తీసి, తిప్పి పెట్టుకున్నాడు. ఎడమది వచ్చి కుడి చెవి మీద పడింది.

"...తిప్పావా? ఇప్పటికి వెలిగిందా, దద్దమ్మా!"

మాస్టారు. అదే బొంగురు గొంతు.

"ఒంటిచెవితో నా బల్ల మీద కూర్చుంటావురా? ఏ చెవి పోయిందో నాకు తెలియదనుకున్నావా?" ముల్లు వాలి, మళ్ళీ లేచింది. "నేను తీసింది నేనే ఇస్తాను. ఊరికే ఇవ్వను... ఆ రెండోది ఇలా తే."

వీడి చూపు బల్ల మీద పడింది. పాత రికార్డింగు మోగుతుంటే పచ్చదీపం వెలగాలి కదా.

ఎర్రదీపం వెలుగుతోంది.

ఊపిరి బిగబట్టాడు. గొంతులో దురద. దగ్గొస్తోంది... నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.

"దగ్గకు," అంది గొంతు. చాలా దగ్గరగా. చాలా మెల్లగా.

హెడ్‌ఫోన్లు విసిరికొట్టి, తలుపు తోసుకుని, బయటపడ్డాడు. మెట్ల మీద ఆవిడ అలాగే నిలబడి ఉంది.

"ఏం, తిట్టాడా?" అంది.

వాడు తడిసి ముద్దై ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. కుడి చెవిలో గుసగుసలాడి చూశాను, వినబడింది. ఎడమ చెవిలో అరిచి చూశాను, ఎప్పట్లాగే రాయి. "చెవి ఎక్కడికీ పోలేదు, పడుకో," అన్నాను.

మర్నాడు నేనే వెళ్ళి ఆవిణ్ణి నిలదీశాను. ఆవిడ బెదరలేదు, బెంగపడలేదు.

"పోయేముందు రోజూ సాయంత్రం ఆ గదిలో ఒక్కడే కూర్చుని, తన దగ్గర పనిచేసిన ప్రతివాణ్ణీ తిట్టి రికార్డు చేసుకున్నాడమ్మా. ఆన్ చేస్తే అవే మోగుతాయి."

"మరి ఊళ్ళో వాళ్ళు విన్నది?"

"నేనే. ఇంట్లో తిట్టేవాళ్ళు లేక తోచదు. సాయంత్రాలు వచ్చి, లోపల గడియ పెట్టుకుని, సౌండు చివరిదాకా పెంచి వినేదాన్ని." మొహం అటు తిప్పుకుంది. "ఇంకొకడి చేతిలో ఆ దీపాలు వెలగడం చూడలేక లోపలికి రాలేదు. ఇక తీసుకుపోండి. విన్నది చాలు."

ఇదండీ దెయ్యం! దూరపు కొండలు నునుపంటారు గానీ, దూరం నుంచి వింటే తిట్టు కూడా దెయ్యమే. భయంలో పచ్చదీపం ఎర్రగా కనబడింది మావాడికి. ఇక "దగ్గకు" అంటారా, ఆ మనిషి బతికున్నన్నాళ్ళూ అందరితో అన్న మాటే అది!

సామాను ఇంటికి తెచ్చుకున్నాం. ఆ తిట్లన్నీ వెతికి వెతికి నేనే చెరిపేశాను. చచ్చినవాడి మీద అంత కసి ఉండకూడదంటారు. నాకుంది. నా తమ్ముడి చెవి తిన్నవాడు.

ఆ రాత్రంతా వాడు పనిలోనే ఉన్నాడు. మధ్యలో లేచి గుమ్మంలోంచి చూస్తే, ఎడమ ముల్లు కేసి కన్నార్పకుండా చూస్తున్నాడు. సినిమా గట్టెక్కుతుందని నిశ్చింతగా పడుకున్నాను.

తెల్లారుతుండగా కాఫీ పట్టుకెళ్ళాను. అలవాటు కొద్దీ కుడిపక్కకే.

"ఒరేయ్, కాఫీ."

పలకలేదు. హెడ్‌ఫోన్లు మెడలో ఉన్నాయి, చెవుల మీద లేవు. పనిలో మునిగాడనుకున్నాను.

"ఒరేయ్! నిన్నే!"

ఉలుకూ లేదు, పలుకూ లేదు. నాకు మండింది. గ్లాసు బల్ల మీద పెట్టి, ఎప్పట్లాగే ఎడమపక్కకు వెళ్ళి, నాకే వినబడీ వినబడనట్టు గొణుక్కున్నాను.

"చెవిటి దున్నపోతు."

చటుక్కున తల తిప్పాడు. వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"ష్... సైలెన్స్! ఎర్రదీపం కనబడటం లేదా?"

మా ఇంట్లో మైకే లేదు. బల్ల కేసి చూశాను. దీపం ఎర్రగా వెలుగుతోంది.