నాలుక మడిచి పలకాల్సిన అక్షరం

జర్మనీ చూడాలని మా మృదుల కోరిక. కుదరదని మా అల్లుడు హరనాథ్ జవాబు. ఈ వీసాతో దేశం దాటితే స్టాంపింగ్ దగ్గర ఏమవుతుందో చెప్పలేమట, మళ్ళీ లోపలికి రానిస్తారో లేదోనట. చివరికి మేముండే ఇర్వింగ్ నుంచి అయిదు గంటలు డ్రైవ్ చేసి, టెక్సస్ గుట్టల్లో ఉన్న జర్మన్ ఊళ్ళు చూసి రావడానికి ఇద్దరూ రాజీపడ్డారు. పేరంటానికి పిలవని ఇంటి ముందు నిలబడి ముగ్గు చూసి రావడం లాంటిదే ఇది కూడా.

క్రిస్మస్ సెలవుల్లో మూడు రోజులు, ఏడు ఊళ్ళు. మొదటి మూడు ఊళ్ళకీ తేడా ఏమిటో నన్నడిగితే చెప్పలేను, అది మతిమరుపు కాదు. ఎప్పుడో వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న రాతి ఇళ్ళు. ఆ ఇళ్ళలో ఇప్పుడు కొవ్వొత్తులు, సబ్బులు, పీచ్ జామ్ అమ్ముతున్నారు. ఏ షాపులోకి వెళ్ళినా అదే దాల్చినచెక్క వాసన. తినడానికి మాకు దొరికింది ఉప్పురాళ్ళు అద్దిన ప్రెట్జెల్ ఒక్కటే, బంగాళాదుంపల్లో కూడా పందిమాంసం ముక్కలే. హరనాథ్ ప్రతి గోడ ముందూ ఆగి, ఇది చాలా హిస్టారిక్ అండీ అత్తయ్యగారూ అంటాడు. మా పుట్టింట్లో ఆవకాయ జాడీకి ఉన్నంత వయసు కూడా లేదు ఆ గోడకి.

పిల్లలిద్దరు. ఇషితకి తొమ్మిదేళ్ళు, ఈషాన్‌కి అయిదు. అక్టోబరులో ఒకరోజు ఈషాన్‌ని స్కూల్ బస్ దగ్గర దించుకోవడం మర్చిపోయాను. డ్రైవర్ వాణ్ణి మళ్ళీ స్కూలుకి తీసుకుపోయాడు. మృదుల నన్ను ఒక్కమాట అనలేదు. మర్నాటి నుంచి పిల్లల్ని నా ఒక్కదాని దగ్గర వదలడం మాత్రం మానేసింది. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది. అప్పటినుంచి రోజూ జరిగింది రోజూ రాసుకుంటున్నాను. నాలుగో తరగతితో బడి మానిపించినా, చదవడం రాయడం ఎవరూ మాన్పించలేకపోయారు.

నాలుగో ఊరు మరీ చిన్నది. ఒక చర్చి, నాలుగు ఇళ్ళు, ఒక కాఫీ షాపు. "అమ్మా, ఇరవై నిమిషాలు వీళ్ళని చూస్తావా?" అంది మృదుల, వాచీ చూసుకుంటూ. పరీక్ష పెడుతోందని అర్థమైంది. చూస్తాను, నేనేమన్నా చిన్నపిల్లనా అన్నాను.

చర్చి వెనక సమాధులున్నాయి. కార్లు రాని చోటు కదా, పిల్లలు తప్పిపోరు కదా అని అక్కడికే తీసుకెళ్ళాను. ఎండిన గడ్డి, దేవదారు చెట్లు. మిట్టమధ్యాహ్నం, ఒక్క పిట్ట కూత లేదు. ఒక వరుసలో అయిదు చిన్న రాళ్ళు, ఒక్కోదాని మీద పడుకున్న గొర్రెపిల్ల బొమ్మ, ముక్కులన్నీ అరిగిపోయి ఉన్నాయి. జర్మన్ అక్షరాలు ఇషితకి రాలేదు, అంకెలు చదివింది.

"అమ్మమ్మా, వీళ్ళు అందరూ కిడ్సే. ఒకే వీక్‌లో చనిపోయారు."

ఏ జబ్బో రాళ్ళ మీద లేదు. ఈషాన్ అయిదు గొర్రెపిల్లల్నీ వరసగా నిమిరాడు. ఇరవై నిమిషాలకు ముందే వాళ్ళని బయల్దేరదీశాను, ఆలస్యం అయిందన్న మాట రాకూడదని. గేటు దగ్గర వాడు వెనక్కి తిరిగి, చెయ్యి ఊపి, "వెలొస్తాం" అన్నాడు.

గుమ్మం దాటేటప్పుడు వెళ్తున్నాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలి అని వాడికి నేర్పింది నేనే. ఆ ళ మాత్రం వాడి నోట పలకదు. నాకు ముచ్చటేసింది. అక్కడే నిలబెట్టాను. నాలుక వెనక్కి మడిచి, పైన తగిలించి అనమన్నాను. ళ. ళ. ళ. మూడుసార్లు గట్టిగా చెప్పించాను. వాడు మూడుసార్లు ఆ వరసకేసి చూసి చెప్పాడు. వెళ్ళొస్తాం. ఆ మూడోసారి సరిగ్గా వచ్చినట్టే అనిపించింది.

కారు ఎక్కి పది నిమిషాలయ్యాక నాకు గుర్తొచ్చింది.

చావు ఇంటి నుంచి వచ్చేటప్పుడు ఆ మాట అనకూడదు. శ్మశానంలో అసలే అనకూడదు. చెప్పకుండా, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. చుట్టాల్లో ఎవరైనా నోరు జారితే అక్కడికక్కడే కసిరిన మనిషిని నేను. ఆ సంగతి ఎలా మర్చిపోయాను? పోన్లే అనుకున్నాను. దెయ్యాన్ని చూశామనేవాళ్ళని నేనెప్పుడూ లెక్కచేయలేదు. తిన్నది అరగనివాళ్ళకే దెయ్యాలు. పైగా ఆ జర్మన్ పిల్లలకి తెలుగు రాదు కదా.

ఆ రోజు బస ఒక సండే హౌస్‌లో. పొలాల్లో ఉండే జర్మన్ రైతులు ఆదివారం చర్చికి వచ్చినప్పుడు తల దాచుకోవడానికి ఊళ్ళో కట్టుకున్న ఒంటిగది కొంప అది. పిల్లలు పడుకోవడానికి పైన అటక, దానికి బయటి గోడ వెంబడి చెక్క మెట్లు. అటకకి ఇప్పుడు తాళం. ఈ అగ్గిపెట్టెకి హరనాథ్ ఇచ్చిన డబ్బుతో మంచి హోటల్లో వేడినీళ్ళైనా దొరికేవి.

సాయంత్రం ఆరింటికే చీకటి పడింది. హీటర్ పనిచేయడం లేదని హరనాథ్ బయట కారు దగ్గర నిలబడి ఓనర్‌కి ఫోన్ చేస్తున్నాడు. మృదుల స్నానానికి వెళ్ళింది. నేను ఈషాన్‌కి పెరుగన్నం తినిపిస్తున్నాను. ఇషిత మంచం మీద దుప్పటి కప్పుకుని బొమ్మల పుస్తకం చూస్తోంది. ముందు వాసన వచ్చింది. తడిసిన ఉన్ని వాసన, దాని వెనక అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన. తర్వాత గోడ అవతల మెట్లు కిర్రుమన్నాయి. చెప్పుల్లేని పాదాలు. పెద్దవాళ్ళవి కావు. ఒకరు... ఇద్దరు... ఆ తర్వాత ఎంతమందో తెలియలేదు.

ఆగాయి.

"ల..." అని వినిపించింది, చెక్కగోడకి నోరు ఆనించి అన్నట్టు. "ల... ల..."

ఈషాన్ నోటి నిండా అన్నం ఉంది. ఇషిత పెదవులు కదలడం లేదు.

"ల... ల... ళ."

నాలుక వెనక్కి మడిచి... పైన తగిలించి... నేను చెప్పినట్టే.

మృదులని పిలవచ్చు. పిలిచి ఏమని చెప్పను? అమ్మ మర్చిపోవడమే కాదు, లేనివి వింటోందని ఆ క్షణంలోనే తేలిపోతుంది. పిల్లల్ని ఇక నా పక్కన కూచోనివ్వరు. గిన్నె ఇషితకి ఇచ్చి, తమ్ముడికి పెట్టమని చెప్పి, తలుపు దగ్గరికి వేసి మెట్ల కిందకి వెళ్ళాను. పైన చీకటి. చెక్క మీద ఎవరో కాళ్ళు ఆడిస్తున్నట్టు సన్నగా టక్... టక్...

డెబ్భై నాలుగేళ్ళలో ఎన్నడూ అనని మాట అన్నాను. "వెళ్తున్నాం," అన్నాను గొంతు తగ్గించి. "మళ్ళీ రాం."

చప్పుడు ఆగిపోయింది. అయిపోయిందనుకుని వెనక్కి తిరిగాను.

"వెళ్ళకు."

చిన్న గొంతు. ఆడపిల్లది. ళ స్పష్టంగా పలికింది. ఆ మాట వాళ్ళకి నేను నేర్పలేదు.

దానికి నేనేదో జవాబు చెప్పాను. చెప్పడం గుర్తుంది, చెబుతుంటే చలికి నోట్లోంచి పొగ రావడం గుర్తుంది. ఏం చెప్పానో గుర్తులేదు. ఆ రాత్రే నోట్‌బుక్‌లో అంతా రాశాను, ఆ ఒక్కటి తప్ప.

మిగిలిన మూడు ఊళ్ళూ చూశాం. చూడనివాళ్ళు ఏమీ పోగొట్టుకోలేదు.

ఇర్వింగ్ వచ్చాక మృదులకి అంతా చెప్పాను. చెబితే ఏమవుతుందో తెలిసే చెప్పాను. నా వెంట ఏదైనా వచ్చి ఉంటే ఇషితకీ ఈషాన్‌కీ దూరంగా ఉండాల్సింది నేనే. మృదుల నా చెయ్యి పట్టుకుని, ఒక్కసారి కూడా అడ్డురాకుండా విని, పక్కగదిలోకి వెళ్ళి డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేసింది. అంత ఓపిగ్గా వినేది పిచ్చివాళ్ళ మాటే.

డాక్టర్ శ్రీలేఖ మనమ్మాయే. గడియారం గీయమంది, గీశాను. వందలోంచి ఏడు చొప్పున తీసేయమంది, తీశాను. అయిదు మాటలు చెప్పి, కాసేపాగి అడిగింది. అరటి, గొడుగు, బావి, దీపం, చెప్పు. మతిమరుపు పరీక్షలో ముప్పైకి ముప్పై వచ్చాయంది. జబ్బుంటే బాగుండునని కోరుకున్న ముసలిదాన్ని ఆవిడ చూసి ఉండదు.

ఇక ఫారం నింపడమే మిగిలింది ఆంటీ అని, వయసు అడిగింది, బీపీ అడిగింది. "పిల్లలెంతమంది ఆంటీ?"

"ఏడుగురు," అన్నాను.

నోరు తడబడలేదు. మృదుల నవ్వి, నేనూ అన్నయ్యా కదమ్మా అంది. అవునవును, ఇద్దరే అన్నాను నేను. డాక్టరు కూడా నవ్వి కొట్టేసింది. కారు కదిలించే ముందు మృదుల నా భుజం మీద తల ఆనించి, సోమవారం నుంచి ఈషాన్‌ని బస్ దగ్గర నువ్వే దించుకో అమ్మా అంది. మూడు నెలలుగా ఆ మాట కోసమే చూశాను. వద్దని అనాల్సింది. అనలేకపోయాను.

నాకు పిల్లలు ఇద్దరే. మర్చిపోకుండా ఇక్కడ రాసుకుంటున్నాను. కానీ మిగతా అయిదుగురి గొంతుల్లో తెల్లటి పొర కట్టి, ఊపిరాడక గుక్కపట్టిన ఆ వారం నాకు గుర్తుంది. ఎవరి తర్వాత ఎవరో గుర్తుంది. ఎవరి నుదురు ఎంత కాలిపోయిందో ఈ అరచేతికి గుర్తుంది. ఆఖరిది మాటలు నేర్చుకుంటున్న పిల్ల. నా బొటనవేలు నోట్లో పెట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదు.

నాలుగు రోజులుగా పొద్దున లేచేసరికి నా కుడి బొటనవేలు నానిపోయి, తెల్లగా ముడతలు పడి ఉంటోంది. ఇవాళ గోరు పక్కన చిన్న చిన్న పళ్ళ గాట్లు... పైన రెండు, కింద రెండు.